అద్దం కోసం వచ్చిన లారీ

ఆ ఇంటి కింద పొడుగాటి గది ఒకటుంది. దానికి కిటికీ లేదు. తలుపు మూస్తే కళ్లు పొడుచుకున్నా ఏమీ కనబడదు. ఒక కొసన అద్దాన్ని నిలబెడతారు. రెండో కొసన సూది బెజ్జమంత వెలుగు, దాని పక్కన ఒక బ్లేడు. అద్దం మీద పడి తిరిగొచ్చే వెలుగుకు ఆ బ్లేడును అడ్డంగా వెంట్రుకవాసి జరిపి, వెనక కన్ను ఆనించి చూడాలి. అంతవరకూ వెన్నలా నున్నగా ఉందనుకున్న గాజు మీద గుట్టలూ పల్లాలూ లేస్తాయి. అవి వేలికి తగలవు. బ్లేడు తీసేస్తే మాయమైపోతాయి.

అద్దం ముందు అరచెయ్యి చాపితే ఇంకా వింత. చేతిలోని వేడి పొగలాగా, వాగులాగా పైకి పారుతూ కనబడుతుంది. మనిషి ఒంట్లో ఇంత నిప్పు ఉందా, ఇన్నాళ్లూ తెలియలేదే అనిపిస్తుంది.

అద్దాలాయన జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఆ గదిలోకి దిగాడు. ఇప్పుడు వెతికినా నల్ల వెంట్రుక దొరకదు. అయినా ఆ వేడి పైకి లేచినప్పుడల్లా మొదటిసారి చూసినట్టే చూస్తాడు. టెలిస్కోపులకు అద్దాలు నూరి మెరుగు పెట్టడం ఆయన పని. పేరు ఏదైనా ఊరందరికీ ఆయన అద్దాలాయనే.

ఆ గదిలో మాట్లాడకూడదు. ఊపిరి వేడికి గాలి కదులుతుంది. గాలి కదిలితే అద్దం మీద లేని గుట్టలు కనబడతాయి. ఏం చెప్పాలన్నా గుమ్మం దగ్గర వేలాడే పలక మీద రాయాల్సిందే. ఫోను లోపలికి తేకూడదు. ఏళ్ల తరబడి అలా బతికాక, ఆ అలవాటు మెట్లెక్కి ఇంట్లోకీ వచ్చేసింది. అద్దాలాయన రోజుకు పట్టుమని పది మాటలు మాట్లాడితే గొప్ప. ఉత్తర ప్రత్యుత్తరాలూ లెక్కాపత్రమూ చూసుకునే అక్క కూడా తమ్ముడి దారే పట్టింది. ఇక ఆ ఇంట్లో నోరున్నవాడు బావ ఒక్కడే. అక్క మొగుడు, వడ్రంగి. అద్దాలకు పెట్టెలు చేసేది అతనే. మీ ఇంటికి దొంగ వస్తే, అరిచేవాళ్లు లేరని తెలిసి, కాఫీ కూడా కాచుకుని తాగి పోతాడని అతను వాళ్లను దెప్పుతుండేవాడు.

ఆ ఏడాది ఆ ఇంట్లో ఉన్న అద్దం మామూలుది కాదు. గుండ్రటి భోజనాల బల్లంత ఉంటుంది. దూరాన ఒక కొండ మీద కడుతున్న టెలిస్కోపు కోసం. దాని బాధ్యత చూసే ఆవిడ గాజు దిమ్మెతో పాటు ఒకే ఒక్కసారి వచ్చి, దిమ్మెను తడిమి, అద్దాలాయన ముఖం చూసి, అది మీ చేతిలో పెడుతున్నాను అని వెళ్లిపోయింది. ఆవిడా మితభాషే. అద్దాలాయనకు నచ్చిందీ అదే. ఇంట్లో ఆవిడను కొండమేడం అంటారు.

అద్దాలాయన ఇంత పెద్దది ఇంతకు ముందు చేయలేదు, ఇక మీద చేయలేడు. కుడి కంట్లో పొర కమ్ముతోంది. ఆపరేషను చేస్తానన్నాడు డాక్టరు. చేశాక ఆ బ్లేడు వెనక చూపు మునుపటిలా ఆనుతుందా అని అడిగితే, డాక్టరు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అందుకని ఆయన చేతిలో ఉన్న ఒడుపంతా, కంట్లో మిగిలిన చూపంతా ఆ గాజులోకే పోసేశాడు.

మెరుగు పెట్టినప్పుడు గాజు వేడెక్కుతుంది. చల్లారేదాకా దాన్ని కదపకూడదు, చూడకూడదు. దాన్ని వాళ్లు అమ్మాయి పడుకోవడం అనేవాళ్లు. తెల్లారి పరీక్షకు సిద్ధమైతే అమ్మాయి లేచినట్టు. ఆ ముచ్చట అక్క ఒకసారి మెయిల్లో కొండమేడంకి రాసింది. అప్పట్నుంచీ ఆవిడ రాసే ప్రతి మెయిలూ ‘అమ్మాయి లేచిందా?’ అనే మొదలయ్యేది.

అద్దం పూర్తయింది. వచ్చే వారం తానే వచ్చి, ఆఖరి పరీక్ష కళ్లారా చూసి, మెత్తలు పరిచిన బండిలో పక్కన కూర్చుని తీసుకెళ్తానని కొండమేడం ఎప్పుడో రాసింది. ఆ రోజు కోసం అద్దాలాయన చెప్పుకోకుండానే ఎదురుచూస్తున్నాడు. అంత పని చేశాక, అది తెలిసిన కన్ను ఇంకొక్కటైనా దాన్ని చూడాలి కదా.

అప్పుడు వచ్చింది ఆ మెయిలు.

అక్క దాన్ని చదివి, మెట్లు దిగి వచ్చి, తమ్ముణ్ని పైకి రమ్మని పలక మీద రాసింది. పైకి వచ్చాక మళ్లీ చదివి వినిపించింది. అమ్మాయి లేచిందా అనే మొదలైంది. వానలు ముందే పట్టేలా ఉన్నాయట, కొండదారి మూసేస్తారట. అందుకని రేపు పొద్దున్నే లారీ పంపుతోందట. తాను రాలేకపోతోంది, ఆఖరి పరీక్ష కొండ మీదే చేసుకుంటుంది. తన ఫోను నీళ్లలో పడి పాడైంది, ఏదైనా ఉంటే తన సహాయకుడికి చేయమని ఒక కొత్త నంబరు ఇచ్చింది. చివర్లో, అమ్మాయిని జాగ్రత్తగా దుప్పటి కప్పి పంపండి అని కూడా ఉంది.

అక్క అమాయకురాలేమీ కాదు. లాటరీ తగిలిందనీ, ఎవరో దొరగారు ఆస్తి రాసిచ్చారనీ వచ్చే మెయిళ్లను చీపురు పెట్టి ఊడ్చినట్టు ఊడ్చేస్తుంది. వాటి భాష చూసి బావకు చదివి వినిపించి నవ్విస్తుంది కూడా. ఈ మెయిల్లో నవ్వడానికేం లేదు. అంతా మేడం మాటే. అయినా మంచిదని ఆ కొత్త నంబరుకు ఫోను చేసింది. అవతల ఒక కుర్రగొంతు. ఎంత మర్యాద. అమ్మా, మేడం మీ గురించి ఎప్పుడూ చెబుతుంటారు, అమ్మాయి ఎలా ఉంది అని అడిగాడు. అక్క మనసు కుదుటపడింది.

బావ మాత్రం గొణిగాడు. పెట్టెకు లోపల మెత్తలు ఇంకా పూర్తిగా కుట్టలేదట. ఈ పెద్దవాళ్లకు ఎప్పుడూ కాళ్ల కింద నిప్పులేనని తిట్టుకుంటూ సూది అందుకున్నాడు.

అద్దాలాయన ‘ఊఁ’ అన్నాడు. ఆయన ఊఁలో వంద రకాలున్నాయని అక్క అంటుంది. ఇది ఆవిడ ఎప్పుడూ వినని రకం. ఆయన కిందికి దిగి, తలుపు వేసుకుని, చీకట్లో అద్దం ఎదురుగా చాలాసేపు కూర్చున్నాడు. అనుమానం కాదు. దిగులు. ఆవిడ రావడం లేదు. అద్దం ఎవరూ చూడకుండానే వెళ్లిపోతుంది.

మర్నాడు పొద్దున్నే లారీ వచ్చి గుమ్మం ముందు ఆగింది. డ్రైవరు బొద్దుగా, హుషారుగా ఉన్న మనిషి. దిగి, మూతులు ముడుచుకున్న అక్కాతమ్ముళ్లను ఎగాదిగా చూశాడు.

“ఏంటండీ, ఇంట్లో ఎవరైనా పోయారా?”

“లేదయ్యా, వీళ్లు పుట్టినప్పట్నుంచీ ఇంతే” అన్నాడు బావ.

అద్దాన్ని దుప్పట్లో చుట్టి, పెట్టెలో దించి, మూత బిగించారు. గొలుసుల కప్పీతో పెట్టెను పైకెత్తి లారీలోకి జరిపారు. అది నేల విడిచి గాల్లో ఊగిన ఆ కాసేపు నలుగురూ నాలుగు వైపులా చేతులు ఆనించి పట్టుకున్నారు. లారీలో ఆనాక డ్రైవరు తాళ్లు తీశాడు. బావ ఒక్కో ముడీ పట్టి చూసి, ఇది వదులు, అది వదులు అని అతన్ని సతాయించసాగాడు.

అద్దాలాయన మెల్లిగా బావ పనిచేసుకునే షెడ్డు వెనక్కి వెళ్లాడు. చొక్కా జేబులోంచి తన పాత బటన్ల ఫోను తీశాడు. అందులో ఉన్నవి నాలుగైదు నంబర్లు. ఒకటి కొండమేడంది. గాజు తెచ్చిన రోజు ఆవిడే ఆ ఫోను అడిగి తీసుకుని, తన నంబరు ఎక్కించి, ఎప్పుడైనా చేయండి అని ఇచ్చింది. ఆయన ఎప్పుడూ చేయలేదు. ఆ ఫోను నీళ్లలో పడిందని అక్క చదివింది, విన్నాడు. అయినా ఆయన దగ్గరున్నది ఆ ఒక్క నంబరే. మోగకపోతే మానె. మోగితే ఒక మాట చెప్పాలి. ఆ మాటను మనసులో రెండు మూడుసార్లు అనుకుని చూసుకుని, నొక్కాడు.

మోగింది. ఎత్తారు.

“నేను. అద్దాలు” అన్నాడాయన.

“ఎవరండీ?”

“అద్దాలాయన్ని.”

ఆవిడ గొంతు మారిపోయింది. “మీరు ఫోన్ చేశారంటే... అమ్మాయికి ఏమైనా అయిందా?”

“ఏం కాలేదు. మీరు చూడకుండా పంపడం నాకు బాగోలేదు. అదే చెబుదామని.”

“చూడకుండా ఎందుకు పంపుతారు? నేను వస్తున్నాను కదా.”

అద్దాలాయనకు అర్థం కాలేదు. “మీ ఫోను నీళ్లలో పడిందిగా?”

“ఏ ఫోను? ఇప్పుడు మాట్లాడుతోంది దీంతోనేగా.”

షెడ్డు గోడకు ఆయన వీపు ఆనింది. ఎండలో ఉన్న గోడే, అయినా చల్లగా తగిలింది.

“లారీ వచ్చింది” అన్నాడు.

“నేను ఏ లారీ పంపలేదు.” ఆవిడ ఇప్పుడు చాలా నెమ్మదిగా, ఒక్కో మాటా తూచి పెట్టినట్టు మాట్లాడింది. “దాన్ని కదలనివ్వకండి. మెయిల్లో ఇచ్చిన నంబరుకి మళ్లీ చేయకండి, ఆ మెయిలుకి జవాబు రాయకండి. కంప్యూటర్ అలాగే వదిలెయ్యండి. నేను ఇప్పుడే బయల్దేరుతున్నాను.”

అద్దాలాయన పరుగెత్తడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఆ రోజు చూశారు. డ్రైవరు అప్పటికే సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పాడు. ఇంజను మోగుతోంది. అద్దాలాయన వెళ్లి లారీకి ఎదురుగా, బంపరుకు పొట్ట ఆనేంత దగ్గరగా నిలబడ్డాడు.

“దించండి” అన్నాడు.

అక్క పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. “ఏరా, ఏమైందిరా నీకు? ఇంత బెంగ పెట్టుకుంటే ఎలా?”

“మేడంతో మాట్లాడాను. ఆవిడ పంపలేదు.”

ఇంజను ఆగింది. ఆ మాట అక్కకు చేరడానికి కాస్త సమయం పట్టింది. నేను ఫోను చేసి కనుక్కున్నానుగా, ఆ అబ్బాయి చెప్పాడుగా అని మొదలుపెట్టి, సగంలో ఆగిపోయింది. ఏ నంబరుకు చేసి కనుక్కుందో ఆమెకే గుర్తొచ్చింది. దొంగ ఇచ్చిన నంబరుకే ఫోను చేసి, నువ్వు దొంగవా అని అడిగినట్టయింది.

డ్రైవరు కిందికి దిగాడు. అతని హుషారు దిగిపోయింది. తనను ఎవరో నిన్న సాయంత్రం ఫోనులో మాట్లాడి పెట్టుకున్నారని చెప్పాడు. సరుకు తీసుకెళ్లాల్సిన చోటు ఫోనులో చూపించాడు. అది కొండ వైపు కాదు. ఊరి చివర పాడుబడిన గోడౌన్ల వెనక సందు. అక్కడ ఇంకో బండి వచ్చి ఎక్కించుకుంటుందని చెప్పారట.

“నేను లారీ నడుపుతానండీ, దొంగతనం నడపను” అన్నాడతను, ఎవరూ ఏమీ అనకముందే.

అంతలో అతని ఫోను మోగింది. అతను తెర చూసి, అందరికీ వినబడేలా పెట్టాడు. ఎంతో మర్యాదైన కుర్రగొంతు. అన్నా, ఎక్కించారా, అమ్మాయి జాగ్రత్త అన్నా అంది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నిన్న తనను అమ్మా అని పిలిచిన గొంతే.

“సరుకు దించేస్తున్నారు సార్. ఓనరమ్మ ఫోన్‌లో దొరికిందట” అన్నాడు డ్రైవరు.

ఆ గొంతు తిట్టలేదు, బతిమాలలేదు. చప్పుడు లేకుండా తెగిపోయింది. మళ్లీ ఆ నంబరు ఎప్పుడూ మోగలేదు. నిశ్శబ్దం అలవాటున్న ఇల్లే, కానీ ఇది వాళ్లెరిగిన నిశ్శబ్దం కాదు.

పెట్టె దించారు. డ్రైవరు కూడా ఒక చెయ్యి వేశాడు, అదీ ఎక్కించేటప్పటి కన్నా మెత్తగా.

కొండమేడం వచ్చేసరికి ఎండ వాలింది. చెప్పులు కూడా విప్పకుండా ముందు పెట్టె దగ్గరికి వెళ్లి, దాని మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. ముగ్గురూ ఆవిడ వెనక నిలబడ్డారు.

మెయిలు పంపినవారి పేరు ఆవిడదే. ఆ పేరు మీద నొక్కితే దాని వెనక ఉన్న చిరునామా మాత్రం ఆవిడది కాదు. అంతటితో అయిపోలేదు. సెట్టింగుల్లో ఎక్కడో ఒక మూల, అక్క ఎప్పుడూ తెరవని చోట, ఒక ఏర్పాటు ఉంది. అక్క మెయిలు పెట్టెలోకి వచ్చే ప్రతిదాని నకలూ ఎవరికో వెళ్లిపోతోంది. ఈ వారం రోజులుగా కొండమేడం పంపిన అసలు మెయిళ్లు అక్క కంట పడకుండానే చెత్తబుట్టలోకి జారిపోతున్నాయి. వాటిలో ఒకటి, తాను ఏ రోజు వస్తున్నదీ రాసినది.

“పాస్‌వర్డు ఎవరికైనా ఇచ్చారా?” అని అడిగింది కొండమేడం.

అక్క గోడ వైపు చూస్తూ, చలికాలంలో ఒక మెయిలు వచ్చిందని చెప్పింది. మెయిలు పెట్టె నిండిపోయింది, ఇక్కడ పాస్‌వర్డు కొట్టకపోతే పాతవన్నీ పోతాయని. ఇన్నేళ్ల ఉత్తరాలు పోతాయని కంగారు పడి కొట్టింది. ఏమీ కాలేదు. ఏమీ పోలేదు. ఆ సంగతే మరిచిపోయింది.

“అప్పట్నుంచీ లోపలే ఉన్నాడు” అంది కొండమేడం.

ఆ మాట విని అద్దాలాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చలికాలంలో తాను గాజు మీద వంగి ఉన్నాడు. అదే రోజుల్లో ఎవడో తన ఇంటి మాటల మీద వంగి ఉన్నాడు. తాను ఒక్కో పూటా వెంట్రుకలో వెయ్యో వంతు తీస్తుంటే, వాడు ఒక్కో మాటా తీసి దాచుకున్నాడు. అమ్మాయి పడుకోవడం, అమ్మాయి లేవడం, దుప్పటి కప్పడం. ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారో, ఎవరికి ఎక్కడ మెత్తనో చూసుకున్నాడు. పని పూర్తయ్యేదాకా చప్పుడు చేయలేదు. తొందరపడలేదు. అద్దం పూర్తయ్యే రోజు కోసం ఈ ఇంట్లో ఎదురుచూసింది ముగ్గురు కాదు, నలుగురు.

“చెయ్యి తిరిగిన పనివాడే” అన్నాడాయన, తనలో తాను అనుకున్నట్టు.

కొండమేడం తల ఊపింది. ఒకడే కాకపోవచ్చు అంది. ఒకడు తలుపు తీస్తాడు, ఒకడు చదువుతాడు, ఒకడు రాస్తాడు, ఒకడు తియ్యగా మాట్లాడతాడు. రాయడానికి ఇప్పుడు యంత్రాలే ఉన్నాయి, ఏ ఇంటి మాటనైనా ఆ ఇంటివాళ్ల లాగే రాసిపెడతాయి. ఈపాటికి ఇలాంటి మెయిళ్లు ఎన్ని ఇళ్లకు, ఎన్ని భాషల్లో, ఎన్ని ముద్దుపేర్లతో వెళ్తున్నాయో లెక్క ఎవరికీ తెలియదు అంది. ఆవిడ రోజూ చూసేది లెక్కకందని చుక్కల్ని. అయినా ఈ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు తగ్గింది.

“వాడు అద్దాన్ని చూశాడా?” అని అడిగాడు అద్దాలాయన.

“లేదండీ. మెయిళ్లలో అమ్మాయి అనే రాసుకున్నాం కదా, వాటితో పంపిన రవాణా కాగితంలో పెళుసు, ఖరీదు అన్న మాటలు చూసుంటాడు. పెట్టెలో ఏదో యంత్రం ఉందనుకునుంటాడు.”

“తెరిస్తే?”

బావే అన్నాడు, వేళాకోళం లేని గొంతుతో. “గాజుముక్క అనుకుని గోడవారన విసిరేసి పోయేవాడు.”

అద్దాలాయనకు ఆ గోడౌన్ల సందు కళ్లకు కట్టింది. ఇంత నేర్పు ఉన్నవాడు, ఇన్ని నెలలు ఓపిక పట్టినవాడు, చివరికి తన చేతికి వచ్చింది ఏమిటో తెలియకుండానే పగలగొట్టి ఉండేవాడు. ఆయన జీవితంలో ఇంత లోతైన పల్లం ఏ గాజు మీదా చూడలేదు.

ఆ సాయంత్రమంతా పనితోనే సరిపోయింది. కొండమేడం పాస్‌వర్డు మార్పించింది, అదీ ఆ కంప్యూటరులోంచి కాదు, తన దాంట్లోంచి. ఆ నకళ్ల ఏర్పాటు తీసేసింది. అయితే తీసే ముందు, పోలీసులకు చూపించాలని, దాన్ని ఫోటో తీసుకుంది. ఇక మీద పాస్‌వర్డు ఒక్కటే చాలకుండా, అక్క ఫోనుకు వచ్చే అంకె కూడా కొడితేనే మెయిలు పెట్టె తెరుచుకునేలా పెట్టింది. అక్క ప్రతిదానికీ తల ఊపింది గానీ, కీబోర్డు వైపు చెయ్యి చాచలేదు. పాము దూరిన బీరువాను చూసినట్టు చూసింది.

మిగతా ఖాతాదార్లకు ఫోను చేసి చెప్పండి అంది కొండమేడం. మెయిలు కాదు, ఫోను. అక్కకు అది చెప్పుతో కొట్టుకున్నట్టుంది. తప్పు చేశానని ఇంటింటికీ చెప్పుకోవడమా. అయినా బావ పక్కన కూర్చుని ఒక్కో నంబరూ వెతికి ఇస్తుంటే చేసింది. నాలుగో ఇంట్లో ఒక కాలేజీ మాస్టారు. ఆయన విని, మీ పేరుతోనే నిన్న నాకో మెయిలు వచ్చిందండీ, అందులో ఉన్నదేదో తెరవమని ఉంది, రేపు తెరుద్దామని ఉంచాను అన్నాడు. అక్క లేచి నిలబడింది.

“తెరవకండి. అది నేను కాదు. ఇదిగో, ఈ గొంతు నేను” అంది.

ఫోను పెట్టేసి, తనంతట తానే ఐదో నంబరు అడిగింది.

ఆ రోజంతా ఎండలో కుదుపులు తిన్న అద్దం కింది గదిలో చల్లారింది. మర్నాడు పొద్దున అద్దాలాయన కొండమేడంను మెట్లు దింపి, బ్లేడు వెనక స్టూలు మీద కూర్చోబెట్టి, దీపం ఆర్పాడు. ఆవిడ కన్ను ఆనించింది. గాజంతా ఒక్క గుట్ట లేకుండా, ఒక్క పల్లం లేకుండా, అంచు నుంచి అంచుదాకా ఒకే బూడిద వన్నెలో, తెల్లవారబోయే ఆకాశంలా ఉంది. ఆవిడ బ్లేడును వెంట్రుకవాసి జరిపింది. ఆ వన్నె అంతా ఒకేసారి, ఒక రెప్ప మూసినట్టు, చీకటైపోయింది. మళ్లీ వెనక్కి జరిపింది. ఒక రెప్ప తెరిచినట్టు వెలిగింది. ఎన్నిసార్లు చూసిందో. గుమ్మం దగ్గరికి వచ్చి పలక తీసుకుంది, బలపం పట్టుకుంది. ఏమీ రాయలేదు. బలపం మళ్లీ పెట్టేసి, అద్దాలాయనకు చేతులు జోడించి మెట్లెక్కింది.

అద్దం ఆవిడ పక్కనే కూర్చుని కొండకు వెళ్లింది. దారిలో ఆగిన ప్రతిచోటి నుంచీ ఆవిడ ఫోను చేసింది, ప్రతిసారీ అక్కే ఎత్తింది.

ఎండాకాలం పోయింది, వానలు వచ్చాయి, పోయాయి. అద్దాలాయన కన్ను ఆపరేషను అయింది. చూపు బాగానే వచ్చింది గానీ, బ్లేడు వెనక ఎలా ఉంటుందో చూడటానికి ఆయన ఇంకా కిందికి దిగలేదు. భయమని ఒప్పుకోడు. ఇంట్లో కొత్త అలవాటు ఒకటి పడింది. పంపు, మార్చు, త్వరగా చెయ్యి అని ఏ మెయిలు అడిగినా, అది ఎంత తెలిసినవాళ్లదైనా, అక్క తన దగ్గర పాతకాలం నుంచీ ఉన్న నంబరుకు ఫోను చేసి గొంతు వింటుంది. మొదట్లో కొందరు విసుక్కున్నారు. ఈ ఇంటివాళ్లకు ఇన్నాళ్లకు మాటలొచ్చాయని బావ ఊరంతా చెప్పుకు తిరిగాడు.

ఒక మునిమాపు వేళ ఫోను మోగింది. తెలియని నంబరు. అక్క ఎత్తి, బావకూ వినబడేలా పెట్టింది. కొండమేడం గొంతే. అద్దం బిగించామని, టెలిస్కోపును ఇప్పుడే తెరిచి, చుట్టూ ఉంగరాలున్న గ్రహం మీదికి తిప్పామని, తమ్ముణ్ని పిలవమని అంది. గొంతులో ఏదో తొందర.

“మీ గొంతులాగే ఉందండీ. కానీ మీ నంబరు కాదు. పెట్టేస్తున్నాను, నేనే చేస్తాను” అంది అక్క, పెట్టేసింది.

బావ తలకొట్టుకున్నాడు. “అక్కడ ఆవిడ గ్రహాన్ని చూస్తోందే! అది నీ కోసం ఆగుతుందా?”

“ఆగకపోతే పోనీ. రేపు మళ్లీ వస్తుంది.”

తన దగ్గరున్న పాత నంబరుకు చేసింది. రెండుసార్లు మోగి, అదే గొంతు వచ్చింది, ఈసారి నవ్వుతూ. ఇందాక టెలిస్కోపు గదిలోని ఫోనుతో చేసిందట. మంచి పని చేశారండీ అంది. అక్క ఫోను తమ్ముడి చేతికిచ్చింది.

అద్దాలాయన దాన్ని చెవికి పెట్టుకుని డాబా మీదికి వెళ్లాడు. పక్కింటి పైకప్పు మీద, ఇంకా నల్లబడని ఆకాశంలో, ఒక చుక్క వణక్కుండా నిలబడి ఉంది.

“ఉంగరం కనబడుతోంది. రెండు ఉంగరాల మధ్య సందు కూడా” అంది కొండమేడం.

“అంచు ఎలా ఉంది?”

“బ్లేడుతో కోసినట్టుంది.”

ఆయన ఆ చుక్కనే చూస్తున్నాడు. తనకు అది ఆవగింజంత వెలుగు. ఎక్కణ్నుంచో బయల్దేరిన ఆ వెలుగే, తన చేతులు ఏడాది పాటు తిరిగిన గాజు మీద ఇప్పుడు, ఈ క్షణాన, వాలుతోంది. వాలి, ఒక్క చుక్కా చిందకుండా, ఒక మనిషి కంట్లోకి వెళ్తోంది. అది గోడౌన్ల వెనక సందులో ముక్కలై పడి ఉండాల్సిన గాజు.

ఫోనులో కొండ మీది గాలి వినబడుతోంది. వెనక నుంచి అక్క వచ్చి, ఏమంటోందిరా అని సైగ చేసింది. ఆయన పెదవుల మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో ఆకాశం చూపించాడు.